చిన్నోడికి పని దొరికితేనే పెద్దదానికి చదువు

మా కింది వాటాలో ఉండే అమ్మాయి మొన్నొక సాయంత్రం పైకొచ్చింది. చంకలో మూడేళ్ళ పాప, పాప చేతిలో సెల్‌ఫోన్.

"అక్కా! మీరు ముగ్గుర్ని ఎట్ల సాదుకున్నరో ఏమో! పెద్దోన్ని కూసోబెట్టి రెండు లెక్కలు చెప్దామంటే ఇది సాగనిస్తలేదు. పుస్తకం గుంజుతది. పెన్సిలు నోట్లె పెట్టుకుంటది. ఫోనిస్తే తప్ప ఒక్కకాడ కూసుంటలేదు" అంది.

నాకు నవ్వొచ్చింది. వెనకాలే సిగ్గు కూడా వేసింది. కొన్నేళ్ళ కిందట ఇదే మాట చెప్పి నేను ఎంతమంది దగ్గర వాపోయానో!

2020 మార్చిలో బడులు మూతపడ్డ సంగతి ఎవరూ మరిచిపోయి ఉండరు. అప్పుడు జగిత్యాలలో మా ఇంట్లో పెద్దది ఐదో తరగతిలోకి, నడిపిది మూడో తరగతిలోకి రావాల్సిన ఏడు. చిన్నోడికి మూడు దాటి నాలుగో ఏడు నడుస్తోంది. ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మధ్యలో పై తరగతుల వాళ్ళకు కొన్నాళ్ళు బడులు తెరిచారు, మళ్ళీ మూశారు. చిన్న తరగతుల పిల్లలు తిరిగి బడి గడప తొక్కింది మాత్రం 2021 సెప్టెంబరు 1న. అంటే అలాంటి పిల్లలున్న ఇళ్ళల్లో ఏడాదిన్నర పాటు తల్లే పంతులమ్మ. డిగ్రీ చదివినదాన్ని, ఐదో తరగతి లెక్కలు నాకొక లెక్కా అనుకున్నాను. నిజమే, లెక్కలతో ఏ ఇబ్బందీ రాలేదు. చిక్కంతా చిన్నోడితోనే వచ్చింది.

పొద్దున తొమ్మిదింటికి చాప పరిచి ఇద్దర్నీ కూర్చోబెట్టేదాన్ని. భిన్నాలు అర్థం కావాలని రొట్టెను నాలుగు ముక్కలు చేసి పెద్దదాని ముందు పెడితే, అందులో ఒక ముక్క వాడి నోట్లోకి పోయేది. "మమ్మీ, నాలుగింట మూడొంతులే మిగిలింది" అని అది పకపకా నవ్వేది. నేను మాత్రం వాడి వీపు మీద ఒకటి వేసేదాన్ని.

ఒకరోజు బడివాళ్ళు ఫోన్లో పరీక్ష పేపరు పంపారు. గంటలో రాసి తిరిగి పంపాలి. ముప్పావు వంతు రాశాక వాడు వచ్చి కాగితం మీద మంచినీళ్ళు ఒలకబోశాడు. కోపం పట్టలేక వాణ్ణి లోపలి గదిలో ఉంచి గొళ్ళెం పెట్టాను. పది నిమిషాలే. ఏడుపు ఆగిపోయింది కదా అని తలుపు తీద్దును కదా... తలుపు సందులోంచి మా మాటలు వింటూ గడపకు చెంప ఆనించి నిద్రపోయి ఉన్నాడు. చెంపకు గడప పసుపు అంటుకుంది. ఊళ్ళో వాళ్ళ పిల్లల గురించి కన్నీళ్ళు పెట్టించేట్టు కథలు రాస్తానని నలుగురిలో నాకొక పేరు. నా పిల్లాడు మాత్రం గడప దగ్గర అలా!

మర్నాటి నుంచి ఫోన్ ఇచ్చేశాను. ఇల్లంతా చల్లగా ఉంది. పాఠాలు సాగాయి. పదిహేను రోజులు తిరక్కుండానే వాడు నిద్ర లేస్తూనే పాలకంటే ముందు ఫోన్ అడగడం మొదలుపెట్టాడు. లాక్కుంటే నేల మీద పడి దొర్లేవాడు. ఐదేళ్ళలోపు పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదనీ, రెండేళ్ళు నిండని పసివాళ్ళకైతే అసలే వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆ మాట నేను పేపర్లో చదివినదాన్నే. చదవడం వేరు, పొద్దున తొమ్మిది గంటలు వేరు.

నా గోడు విని సిరిసిల్ల నుంచి మా అమ్మ ఫోన్లో ఒకటే మాట అంది. "నువ్వు సాంచల నడుమ పెరిగిన పిల్లవు. నీకేం ఫోనిచ్చి సాదిన్నే నేను?"

మా ఊళ్ళో మరమగ్గాన్ని సాంచ అంటారు. నాయిన సాంచలు నడిపేవాడు. అమ్మ ఇంట్లో కండెలు చుట్టేది. నాడెలో పెట్టే నూలు గొట్టమే కండె. అమ్మ అటు కండెలు చుడుతూ ఇటు అన్నయ్య చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేది. ఆ పక్కనే నా ముందు ఖాళీ కండెల గంప ఉండేది. "పదేసి పదేసి నిలవెట్టు బిడ్డా, నాయినకు గావాలె" అనేది. నిలబెట్టేదాన్ని, పడిపోయేవి, మళ్ళీ నిలబెట్టేదాన్ని. అప్పట్లో మా చుట్టుపక్కల నేసింది ఎక్కువగా తెల్లబట్టే కాబట్టి రంగుల ముచ్చట లేదు. (2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు సాంచల మీద అన్ని రంగులు చూసి, అయ్యో, నా చిన్నప్పుడు ఇవి ఉంటే రంగుకో వరస పేర్చేదాన్ని కదా అనుకున్నాను!) పొద్దుగూకినంక నాయిన వచ్చి "ఈ గంప ఎవరు సదిరిండ్రు?" అని అడిగేవాడు. అన్నయ్య లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నా అంత గర్వపడి ఉండడు.

అమ్మ ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. ఆ గంప ఆట అని నాకెవరూ చెప్పలేదు. నేను పనిలో ఉన్నాననుకున్నాను. మరి నా కొడుక్కి నేనిస్తున్నవేమిటి? కీ ఇస్తే తిరిగే కారు, బొమ్మల పుస్తకం, చివరికి ఫోన్. అన్నీ "అవతలికి పో" అని చెప్పేవే. వాడు అవతలికి పోనంటున్నాడు. వాడికి కావాల్సింది మా చాప మీద చోటు.

మర్నాడు చాప మీద వాడికో మూల ఇచ్చాను. అక్కలకు నోటు పుస్తకాలు, వాడికి చాట. అందులో చింతగింజలు, అనపగింజలు, మక్కలు కలిపి పోశాను. ముందు కోడిగుడ్ల అట్ట పెట్టాను. ఏ గింజ ఆ గుంతలో వెయ్యాలి, సాయంత్రం నాన్నకు లెక్క చెప్పాలి అన్నాను. ఓమనగుంటల పీట లాంటిదే అనుకోండి. మొదటిరోజు పావుగంట కూర్చున్నాడు. పావుగంట అంటే తక్కువా? ఆ పావుగంటలో పెద్దదానికి భిన్నాల కూడిక అయిపోయింది!

అయితే గింజల చాట రోజూ పెడితే మూడోరోజుకే విసిరికొట్టాడు. అప్పుడు తెలిసింది, ఒక వస్తువు రెండు రోజులు కనబడితే నాలుగు రోజులు అటక మీద ఉండాలని. ఇంకోటి కూడా తెలిసింది. ఉత్తుత్తి పని కంటే అసలు పని ఎక్కువసేపు కూర్చోబెడుతుంది. ఎల్లిగడ్డ పాయలు విడదీయమంటే అరగంట. కొత్తిమీర ఆకులు తుంచమంటే ఇరవై నిమిషాలు. ఉతికిన మేజోళ్ళు కుప్పపోసి జతలు కలపమంటే అక్కల పాఠం ముగిసినా వాడి పని ముగియదు. రెండు చెంబులు, ఒక గరాటు, అడుగున కొన్ని నీళ్ళిచ్చి వసారాలో కూర్చోబెడితే ఇక చెప్పక్కర్లేదు, బట్టలు మార్చే పని మాత్రం మనది. గోధుమపిండిలో ఉప్పు, చిటికెడు పసుపు వేసి తడిపిన ముద్ద, బీట్‌రూట్ రసంతో తడిపిన ఇంకో ముద్ద ఇస్తే వాటితో మా ఇంటిల్లిపాదినీ చేసి పెట్టాడు. అందులో నేను అందరికంటే లావు!

మా ఆయన ఒక ఆదివారం ఊరి నుంచి జొన్న సొప్ప తెచ్చి, పైబెరడు చీల్చి, లోపలి బెండుతో బండి చేసి ఇచ్చాడు. బెండు ముక్కల్ని బెరడు పుల్లలతోనే గుచ్చడం, మొలా జిగురూ ఏదీ అక్కర్లేదు. ఆ బండి చూసి మా అత్తమ్మ మురిసిపోయి చుట్టాలందరికీ చెప్పింది. ఏడాదిన్నరలో ఆయన చేసింది ఆ ఒక్క బండి, నేను చేసినవాటికి లెక్కలేదు. చుట్టాలకు తెలిసింది మాత్రం బండి గురించే!

అన్నిటికంటే నాకు బాగా నచ్చింది అగ్గిపుల్లల ముచ్చట. పుణెలో అరవింద్ గుప్తా అనే ఆయన పారేసే వస్తువులతో పిల్లలకు బొమ్మలు చేసి చూపించడంలో జీవితమంతా గడిపాడు. 2018లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆయన చెప్పిన పద్ధతిలో, మందు గీకేసిన అగ్గిపుల్లల్ని సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపితే త్రిభుజాలు, చదరాలు తయారవుతాయి. నడిపిదానికి ఆకారాలు చెప్పడానికని చేశాను. చిన్నోడు వాటిని పట్టుకుని గుంజి, "ఇది వంగుతలేదు, ఇది వంగుతుంది" అన్నాడు. మూడు పుల్లలది వంగదు, నాలుగు పుల్లలది పక్కకు వాలిపోతుంది. నడిపిది ఆ రెంటినీ మార్చి మార్చి చూసి, కరెంటు టవర్ల నిండా త్రిభుజాలు ఎందుకుంటాయో వాళ్ళ అక్కను అడిగింది. ఆరోజు పాఠం చెప్పింది నేను కాదు.

గింజలన్నాను కాబట్టి ఒక్కమాట. మూడేళ్ళలోపు పిల్లలకు గింజలు, గుండీలు, పూసలు ఇవ్వకండి. గొంతుకు అడ్డం పడతాయి. పెద్దవాళ్ళకిచ్చినా కంటి ముందే ఉండాలి. శనగగింజ ముక్కులో దూరిందంటే తడికి ఉబ్బుతుంది, పుల్లతోనో పిన్నుతోనో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, నేరుగా డాక్టరు దగ్గరికే నడవండి. బొమ్మల్లో ఉండే బిళ్ళల్లాంటి బ్యాటరీలు మింగితే ప్రాణం మీదికే వస్తుంది, అవి ఇంట్లో ఎక్కడున్నాయో ఇవాళే చూసుకోండి.

మా అమ్మ చేసిందాన్ని పెద్దవాళ్ళు ఎప్పుడో పుస్తకాల్లో రాశారని తర్వాత చదివాను. 1907లో రోము నగరంలో కూలివాళ్ళ పేటలో మాంటిస్సోరి తన మొదటి పిల్లల ఇల్లు తెరిచినప్పుడు, ఆ పసివాళ్ళు ఖరీదైన బొమ్మలు వదిలేసి నిజమైన పనుల వెంట పడటం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. గుజరాత్‌లో వకీలు పని మానేసిన గిజుభాయి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. మా అమ్మకు వీళ్ళెవరూ తెలియరు. ఆమెకు తెలిసింది కండెల గంప.

ఇక్కడితో ఆపేస్తే ఇది పిల్లల పెంపకం చిట్కాలయిపోతుంది. నాచేత ఇది రాయిస్తున్నది చిట్కాలు కాదు, కోరుట్లలో మా ఆడబిడ్డ ఇల్లు.

ఆమె భర్త దుబాయిలో ఉంటాడు. ఆమె బీడీలు చేస్తుంది. 2020లో వాళ్ళ కూతురు ఎనిమిదో తరగతి, సర్కారు బడి. కొడుక్కి రెండేళ్ళు. నా చాట విజయం తలకెక్కి ఫోన్లో ఆమెకు తెగ సలహాలిచ్చాను. దసరాకు వెళ్ళినప్పుడు చూశాను. టీవీలో లెక్కల పాఠం వస్తోంది. మేనకోడలు టీవీ ముందు నిలబడి ఉంది. కూర్చోలేదు, నిలబడి ఉంది. చంకలో తమ్ముడు, కూర్చుంటే ఏడుస్తాడు. పుస్తకం టీవీ స్టాండు మీద తెరిచి ఉంది. పాఠంలో సారు బోర్డు మీద సమీకరణం రాసి "మీరూ చేయండి" అన్నారు. రెండు చేతులూ తమ్ముడితో నిండిపోయిన పిల్ల ఏ చేత్తో చేస్తుంది? ఇంతలో వాడు వీధి చూపించి రాగం తీశాడు. టీవీ అలాగే వదిలేసి వాణ్ణి తీసుకుని బయటికి నడిచింది. సారు ఖాళీ గదికి జవాబు చెప్పారు.

"గింజలు పోసి కూసోబెట్టరాదా" అన్నాను నేను, తెలివిగా.

ఆడబిడ్డ తలెత్తకుండానే అంది: "ఏడ కూసోబెట్టాలె వదినా? నా చాట నిండ తంబాకు. నా పక్కకు రానిస్తే వాడు నోట్లె పెట్టుకుంటడు. దినాం వెయ్యి బీడీలు గాకపోతే నాకు ఇల్లు ఎల్లదు. మరి ఎవలు వట్టాలె వాన్ని?"

నా దగ్గర జవాబు లేదు. నా చాట వేరు, ఆమె చాట వేరు. తునికాకు కత్తెర, తంబాకు దుమ్ము ఉన్నచోట రెండేళ్ళ పిల్లాణ్ణి కూర్చోబెట్టమనడం తప్పే. అందుకని వాడు అక్క చంక ఎక్కాడు. అక్క ఎనిమిదో తరగతి చంక కిందికి జారిపోయింది. అది ఏ రిజిస్టరులోనూ ఉండదు. "టీవీ పాఠం చూసిందా?" అంటే చూసింది!

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తట్టి నిద్ర పట్టలేదు. నా చాట విజయానికి ముందు నేనేం చేశాను? చిన్నోడు లేచి అల్లరి చేసినప్పుడల్లా "తమ్ముణ్ణి కాసేపు ఆడించుకుని రా" అని నడిపిదాన్ని పంపేదాన్ని. మూడో తరగతి పాఠమే కదా, తర్వాత చెప్పొచ్చులే అని. దానికి ఎక్కాలు ఆలస్యంగా వస్తున్నాయని మళ్ళీ దాన్నే తిట్టాను. బీడీల ఇల్లు, డిగ్రీ చదివిన తల్లి ఇల్లు అని తేడా లేదు. పసివాడు ఏడిస్తే ఇంట్లో అందరి చూపూ ఆడపిల్ల వైపే తిరుగుతుంది. కింది వాటా అమ్మాయికి పెద్దవాడు మగపిల్లాడు కాబట్టి దారి తోచక మెట్లెక్కి పైకొచ్చింది. అక్కడ పెద్దది ఆడపిల్లయితే వచ్చేదా అని నా అనుమానం.

అందుకే చిన్నపిల్లల వ్యాపకం అంటే ముద్దుముచ్చటగా చూడొద్దంటాను. అది పెద్దదాని చదువు లెక్క. అంగన్‌వాడీ అంటే మనకు గుడ్డు, బాలామృతం గుర్తొస్తాయి. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. అక్కడ తమ్ముడు కూర్చున్న ప్రతి పూటా ఇక్కడ అక్క బడిలో కూర్చుంటుంది. 2020లో బడితో పాటు అంగన్‌వాడీ కూడా మూతపడింది కాబట్టి దెబ్బ రెండు వైపులా తగిలింది. బడి మామూలుగా నడిచే రోజుల్లో కూడా అంగన్‌వాడీ ముందే మూసేస్తే, ఆ మిగతా గంటలు ఎవరి మీద పడతాయో అధికారులు ఒక్కసారి ఆలోచించాలి. బడి వదిలేదాకా అంగన్‌వాడీ ఉండాలని నేనంటాను. 1966లో చేసిన బీడీ కార్మికుల చట్టంలో ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసే కార్ఖానాలో పసిపిల్లలకు గది ఉండాలని రాశారు. బాగానే ఉంది. మరి ఆకు ఇంటికి తెచ్చుకుని, గడపలో కూర్చుని చుట్టే మా ఆడబిడ్డకు ఆ గది ఏది? కూతురి చంకే ఆ గది.

నావల్ల అయ్యింది చాలా చిన్నది. సిరిసిల్ల నుంచి నలభై ఖాళీ ప్లాస్టిక్ కండెలు తెప్పించి, వేడినీళ్ళలో కడిగి, సంచిలో కోరుట్లకు పట్టుకెళ్ళాను. మింగడానికి వీల్లేనంత పెద్దవి. ఆడబిడ్డ అత్తగారు మోకాళ్ళ నొప్పులతో వసారా ఆ చివర మంచం మీద కూర్చునే ఉంటుంది. నడవలేదు గానీ చూపు బాగుంది, మాట ఇంకా బాగుంది. తంబాకు చాటకు దూరంగా మంచం కింద బకెట్టు పెట్టాం. పిల్లాడు ఒక్కో కండె తెచ్చి నాయనమ్మకు ఇవ్వాలి, ఆమె కొంగు కింద దాచి "ఏది, ఏది?" అనాలి, వాడు వెతికి బకెట్లో వెయ్యాలి. ముసలామె మొదట "నాకెందుకీ పోరని లొల్లి" అంది. రెండోరోజుకు ఆమే పాట కట్టింది.

కండెలు తేలికే. కష్టమైంది ఇంకోటి. పాఠం వచ్చే ఆ గంటలో పిల్లను ఎవరూ పిలవకూడదు. నీళ్ళకు, దుకాణానికి, తమ్ముడికి, దేనికీ. ఆ మాట ఒప్పించడానికి మా ఆయన్ను వెంటబెట్టుకుని పోయి ఆయన చేత చెల్లెలికి చెప్పించాల్సి వచ్చింది. ఒప్పుకుంది. వారంలో మూడు రోజులు సాగింది, మూడు రోజులు సాగలేదు. బీడీలు కార్ఖానాలో ఇచ్చి రావాల్సిన రోజు అసలే సాగేది కాదు. అంతకంటే ఎక్కువ జరిగిందని చెబితే అబద్ధమవుతుంది.

2023లో మేనకోడలు పదో తరగతి రాసింది. లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాసి గట్టెక్కిందిలెండి. ఏవి రాలేదో చెప్పమని పేపరు ముందేసుకుని కూర్చున్నాను. వేలు పెట్టి చూపించిన లెక్కలన్నీ సమీకరణాలవే. "ఇవి ఎనిమిదిల మొదలైతయి అత్తమ్మా, నాకు అక్కన్నే తెల్వదు" అంది. ఖాళీ గదికి జవాబు చెప్పిన ఆ సారు గుర్తొచ్చారు.

ఆ పిల్ల ఇంటరు చదువుకుంది. ఇదివరకు మా వైపు సంబంధాలకొచ్చిన వాళ్ళు "పిల్ల బీడీలు చేస్తదా?" అని అడిగేవాళ్ళు. దీన్ని అడిగితే ఏం చెబుతుందో నాకు వినాలనుంది.

కింది వాటా అమ్మాయికి గుడ్ల అట్ట ఇచ్చాను, ఎల్లిగడ్డలు ఇవ్వమన్నాను, పాపను చాప మీదికి రానివ్వమన్నాను. కండెలు కూడా ఇద్దామని మొన్న కోరుట్ల పోయినప్పుడు అడిగాను. "అవి లేవత్తమ్మా, ఎనుక వాడకట్టుల ఇచ్చిన" అంది మేనకోడలు. ఆ ఇంట్లోనూ బీడీలే చేస్తారట. పెద్దపిల్ల ఏడో తరగతి, చెల్లెకు రెండేళ్ళు.